కిడ్నీ సమస్య ఉందా..? క్రియాటినిన్ ఒక్కటే చూసుకుంటే సరిపోదు.. గుండెకు పొంచి ఉన్న ముప్పు ఇదే!

కిడ్నీ సమస్య అని తెలిసిన రోజు నుంచి ఇంట్లో అందరి కళ్లూ ఒకే నంబర్ మీద ఉంటాయి. అదే క్రియాటినిన్. పోయిన నెల 2.1.. ఈ నెల 2.3.. పెరిగిందా, తగ్గిందా.. డయాలసిస్ దాకా వెళ్తుందా.. ఇదే టెన్షన్. కానీ చాలామందికి తెలియని విషయం ఒకటి ఉంది. కిడ్నీ జబ్బు మొదటి, మధ్య దశల్లో ఉన్నవారిలో ఎక్కువమంది డయాలసిస్ దాకా వెళ్లరు. దానికంటే ముందే గుండెపోటు, హార్ట్ ఫెయిల్యూర్, పక్షవాతం లాంటివి ముంచుకొస్తాయి. కిడ్నీకి, గుండెకు మధ్య ఉన్న ఆ లింక్ పేరే బీపీ.

మంచి విషయం ఏంటంటే.. క్రియాటినిన్‌ని తగ్గించడం మన చేతుల్లో పెద్దగా లేకపోయినా, బీపీని అదుపులో పెట్టుకోవడం మాత్రం చాలావరకు మన చేతుల్లోనే ఉంది. మరి కిడ్నీ పేషెంట్లకు బీపీ ఎందుకు పెరుగుతుంది? ఎంత ఉండాలి? బీపీ మాత్రలు కిడ్నీలను పాడు చేస్తాయన్న మాటలో నిజమెంత? ఇప్పుడు వివరంగా తెలుసుకుందాం.

కిడ్నీ తగ్గితే గుండెకు రిస్క్ ఎంత పెరుగుతుంది?

ఈ విషయం మీద ఇప్పటికీ డాక్టర్లు గుర్తుచేసుకునే ఒక పెద్ద అధ్యయనం 2004లో వచ్చింది. అమెరికాలోని కాలిఫోర్నియాలో 11 లక్షల మందికి పైగా పెద్దవాళ్ల రికార్డులను పరిశీలించారు. కిడ్నీ ఎంత పని చేస్తోందో చెప్పే ఈజీఎఫ్ఆర్ నంబర్ ఆధారంగా వాళ్లను గ్రూపులుగా విడగొట్టారు. ఈజీఎఫ్ఆర్ 60 కంటే ఎక్కువ ఉన్నవారితో పోల్చి చూస్తే వచ్చిన లెక్కలు ఇవి..

* ఈజీఎఫ్ఆర్ 45 నుంచి 59 మధ్య ఉంటే గుండె, రక్తనాళాల సమస్యల ముప్పు 1.4 రెట్లు
* 30 నుంచి 44 మధ్య ఉంటే 2 రెట్లు
* 15 నుంచి 29 మధ్య ఉంటే 2.8 రెట్లు
* 15 కంటే తగ్గితే 3.4 రెట్లు

ఇక్కడ గమనించాల్సింది మొదటి లైనే. ఈజీఎఫ్ఆర్ 50 దగ్గర ఉన్న మనిషికి ఒంట్లో ఏ ఇబ్బందీ తెలియదు. కాళ్ల వాపు ఉండదు, ఆయాసం ఉండదు. పొలం పని, ఆఫీస్ పని అన్నీ మామూలుగానే చేసుకుంటారు. కానీ గుండెకు రిస్క్ మాత్రం అప్పటికే పెరగడం మొదలైపోయింది. అందుకే 2023లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ గుండె రిస్క్ లెక్కగట్టే కొత్త కాలిక్యులేటర్‌లో బీపీ, షుగర్, కొలెస్ట్రాల్‌తో పాటు కిడ్నీ పనితీరును కూడా చేర్చింది.

ఒకదాన్ని ఒకటి దెబ్బ తీసుకునే జంట

కిడ్నీకి, గుండెకు సంబంధం ఉందని డాక్టర్లకు ఇవాళ కొత్తగా తెలిసింది కాదు. 1836లోనే లండన్ గైస్ హాస్పిటల్ డాక్టర్ రిచర్డ్ బ్రైట్ ఒక విషయం గమనించారు. కిడ్నీలు కుంచించుకుపోయి చనిపోయినవారి గుండె కండరం బాగా మందంగా మారి ఉంటోందని. అప్పటికి బీపీ కొలిచే మెషీన్ కూడా లేదు. ఆ తర్వాత 1934లో హ్యారీ గోల్డ్‌బ్లాట్ అనే శాస్త్రవేత్త కుక్కల్లో కిడ్నీకి వెళ్లే రక్తనాళాన్ని కొద్దిగా బిగించి చూపించారు. కిడ్నీకి రక్తం తగ్గగానే ఒళ్లంతా బీపీ పెరిగిపోయింది.

అసలు ఇది ఎలా జరుగుతుందో సింపుల్‌గా చూద్దాం.

మొదటిది ఉప్పు. మనం తిన్న ఉప్పులో ఎక్కువ భాగాన్ని బయటకు పంపేది కిడ్నీలే. అవి బలహీనపడితే ఉప్పు ఒంట్లోనే ఉండిపోతుంది. ఉప్పు ఎక్కడ ఉంటే నీరు అక్కడికే చేరుతుంది. ఆస్పత్రిలో ఎక్కించే మామూలు సెలైన్‌లో లీటర్ నీటికి 9 గ్రాముల ఉప్పు ఉంటుంది. మన ఒంట్లో ఉప్పు, నీటి లెక్క కూడా దాదాపు అంతే. అంటే బయటకు పోకుండా 9 గ్రాముల ఉప్పు మిగిలిపోయిందంటే, దాంతో పాటు సుమారు లీటర్ నీరు కూడా ఒంట్లోనే ఉండిపోతుందన్నమాట. పైపులో నీళ్లు ఎక్కువైతే ప్రెషర్ పెరిగినట్టే రక్తనాళాల్లోనూ ప్రెషర్ పెరుగుతుంది.

రెండోది హార్మోన్లు. దెబ్బతిన్న కిడ్నీ తనకు రక్తం సరిపోవట్లేదనుకుని రెనిన్ అనే పదార్థాన్ని వదులుతుంది. దాంతో రక్తనాళాలు బిగుసుకుంటాయి. ఉప్పు ఇంకా ఎక్కువగా నిలవ ఉంటుంది. బీపీ మళ్లీ పెరుగుతుంది. పెరిగిన బీపీ కిడ్నీలోని సన్నని ఫిల్టర్లను ఇంకొంచెం పాడు చేస్తుంది. ఇలా ఒక చక్రం తిరుగుతూనే ఉంటుంది.

మూడోది గుండె మీద పడే భారం. ఎక్కువ ప్రెషర్‌కి ఎదురు పంప్ చేసీ చేసీ గుండె ఎడమ గది గోడ మందంగా తయారవుతుంది. జిమ్‌లో పెరిగిన కండ లాంటిది కాదిది. గట్టిపడి, సరిగ్గా సాగని కండ. దీనికి తోడు కిడ్నీ జబ్బులో రక్తహీనత వస్తుంది.. ఎందుకంటే రక్తం తయారీకి కావాల్సిన హార్మోన్‌ను ఇచ్చేది కూడా కిడ్నీనే. ఫాస్ఫరస్ పేరుకుపోయి రక్తనాళాల గోడల్లో సున్నంలా కాల్షియం చేరుతుంది. ఇవన్నీ కలిసి గుండె మీదే పడతాయి.

ఇంకో ముఖ్యమైన విషయం రాత్రి బీపీ. మామూలుగా నిద్రలో బీపీ 10 నుంచి 20 శాతం తగ్గుతుంది. గుండెకు అదే రెస్ట్. కిడ్నీ పేషెంట్లలో చాలామందికి రాత్రి బీపీ తగ్గదు, కొందరికి ఇంకా పెరుగుతుంది కూడా. పగలు క్లినిక్‌లో చూస్తే నార్మల్‌గానే కనిపిస్తుంది. అందుకే అనుమానం ఉంటే 24 గంటల బీపీ టెస్ట్ చేయించమని డాక్టర్లు చెబుతుంటారు.

ఉద్దానం సంగతి వేరు.. బీపీ నార్మల్ అయినా టెస్ట్ తప్పనిసరి

కిడ్నీ జబ్బు అనగానే మనకు గుర్తొచ్చేది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో కొబ్బరి, జీడి తోటల మధ్య బతికే కుటుంబాలను ఈ జబ్బు ఏళ్ల తరబడి వెంటాడుతోంది. కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. 2023 డిసెంబర్‌లో పలాసలో కిడ్నీ రీసెర్చ్ సెంటర్, 200 పడకల ఆస్పత్రి కూడా ప్రారంభమయ్యాయి.

ఉద్దానం జబ్బులో ఒక తేడా ఉంది. మిగతా చోట్ల కిడ్నీ జబ్బుకు షుగర్, బీపీలే పెద్ద కారణాలు. ఇక్కడ మాత్రం చాలామందికి మొదట్లో షుగర్ ఉండదు, బీపీ పెద్దగా ఉండదు, మూత్రంలో ప్రొటీన్ కూడా ఎక్కువగా పోదు. దీంతో "నాకు బీపీ లేదు కదా, కిడ్నీలు బాగానే ఉంటాయి" అనే ధైర్యం వచ్చేస్తుంది. ఆ ధైర్యమే ప్రమాదం. ఉద్దానం ప్రాంతం వాళ్లు, అక్కడి నుంచి విశాఖకో, హైదరాబాద్‌కో పనుల కోసం వచ్చి స్థిరపడిన వాళ్లు బీపీ నార్మల్‌గా ఉన్నా ఏడాదికోసారి క్రియాటినిన్ టెస్ట్ చేయించుకోవడం మంచిది. జబ్బు ముదిరాక ఇక్కడా బీపీ వస్తుంది, గుండె మీద భారమూ పడుతుంది.

1.2 క్రియాటినిన్.. ఒకరికి ఓకే, ఇంకొకరికి డేంజర్!

"రిపోర్ట్‌లో 1.2 ఉంది, నార్మల్ రేంజ్‌లోనే ఉంది కదా" అంటారు చాలామంది. కానీ అదే 1.2 అందరికీ ఒకటి కాదు. 25 ఏళ్ల కుర్రాడికి క్రియాటినిన్ 1.2 ఉంటే ఈజీఎఫ్ఆర్ సుమారు 86 వస్తుంది. అదే 1.2 ఒక 65 ఏళ్ల మహిళకు ఉంటే ఈజీఎఫ్ఆర్ సుమారు 50 మాత్రమే. అంటే ఆవిడకు అప్పటికే కిడ్నీ పనితీరు బాగా తగ్గిపోయి ఉండొచ్చు. మన అమ్మలు, అమ్మమ్మల రిపోర్టుల్లో ఈ పొరపాటు ఎక్కువగా జరుగుతుంటుంది.

అందుకే ఈ మూడూ కలిపి చూడాలి..

1. బీపీ: సరైన పద్ధతిలో కొలిచింది.
2. క్రియాటినిన్‌తో పాటు ఈజీఎఫ్ఆర్: ఇది 3 నెలలకు మించి 60 కంటే తక్కువ ఉంటే దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు కిందే లెక్క.
3. యూరిన్ ఏసీఆర్: మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రొటీన్ ఎంత పోతోందో చెప్పే టెస్ట్. 30 లోపు ఉంటే ఫర్వాలేదు. 30 నుంచి 300 మధ్య అయితే జాగ్రత్త పడాలి. 300 దాటితే కిడ్నీకి, గుండెకు రెండింటికీ రిస్క్ బాగా ఎక్కువ.

మూడో టెస్ట్‌నే మనవాళ్లు ఎక్కువగా వదిలేస్తారు. నిజానికి క్రియాటినిన్ నార్మల్‌గా ఉన్నప్పుడే సమస్యను ముందుగా పట్టించేది ఇదే. షుగర్ లేదా బీపీ ఉన్న ప్రతి ఒక్కరూ ఏడాదికోసారైనా చేయించుకోవాలి. ఒక్కసారి ఎక్కువ వచ్చిందని కంగారు పడొద్దు. జ్వరం, యూరిన్ ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు కూడా పెరుగుతుంది. మళ్లీ చేయించి కన్ఫర్మ్ చేసుకోవాలి.

మరి బీపీ ఎంత ఉండాలి? 140నా, 130నా, 120నా?

ఇక్కడే అందరికీ కన్ఫ్యూజన్. ఒక డాక్టర్ 140 లోపు చాలంటారు, ఇంకొకరు 130 అంటారు. దీని వెనక ఒక కథ ఉంది.

2015లో అమెరికాలో స్ప్రింట్ అనే ట్రయల్ ఫలితాలు బయటకొచ్చాయి. 9,361 మందిని రెండు గ్రూపులు చేశారు. ఒక గ్రూపుకి పై బీపీ 140 లోపు, రెండో గ్రూపుకి 120 లోపు టార్గెట్ పెట్టారు. 120 టార్గెట్ పెట్టుకున్న వాళ్లలో గుండెపోటు, హార్ట్ ఫెయిల్యూర్, పక్షవాతం లాంటివి 25 శాతం తగ్గాయి. మరణాలు 27 శాతం తగ్గాయి. తేడా ఇంత స్పష్టంగా కనిపించడంతో ట్రయల్‌ను అనుకున్న సమయం కంటే ముందే ఆపేశారు. అందులో 2,646 మంది కిడ్నీ జబ్బు ఉన్నవారే. వాళ్లలోనూ దాదాపు ఇదే తరహా లాభం కనిపించింది. అయితే కిడ్నీ దెబ్బతినే వేగం మాత్రం దీనివల్ల తగ్గలేదు. లాభమంతా గుండెకు, ప్రాణానికే.

దీని ఆధారంగానే కేడిగో అనే అంతర్జాతీయ కిడ్నీ గైడ్‌లైన్స్ సంస్థ 2021లో కిడ్నీ పేషెంట్లకు పై బీపీ 120 లోపు ఉంటే మంచిదని సూచించింది. అమెరికా గుండె వైద్యుల గైడ్‌లైన్స్ అయితే 130/80 లోపు అంటున్నాయి.

అయితే ఇందులో ఒక మెలిక ఉంది. ఆ 120 అనేది పేషెంట్‌ని ప్రశాంతంగా కూర్చోబెట్టి, రెస్ట్ ఇచ్చి, మెషీన్‌తో కొలిచిన 120. ఓపీలో క్యూలో నిలబడి, మెట్లెక్కి వచ్చి, కూర్చోగానే హడావుడిగా కొలిచిన బీపీ కాదు. అలా కొలిచిన నంబర్ చూసి మందులు పెంచుకుంటూ పోతే బీపీ మరీ పడిపోయి కళ్లు తిరిగి పడిపోయే ప్రమాదం ఉంది. స్ప్రింట్‌లో కూడా 120 గ్రూపులో బీపీ పడిపోవడం, కళ్లు తిరగడం, కిడ్నీ పనితీరు ఒక్కసారిగా తగ్గడం లాంటివి ఎక్కువగానే కనిపించాయి. పైగా ఆ ట్రయల్‌లో షుగర్ పేషెంట్లు లేరు, మూత్రంలో ప్రొటీన్ బాగా ఎక్కువగా పోతున్నవారూ లేరు.

కాబట్టి మీ టార్గెట్ ఎంత అనేది మీ వయసు, షుగర్, నిలబడితే కళ్లు తిరుగుతున్నాయా లేదా అన్నది చూసి మీ డాక్టరే చెప్పాలి. మీరు మాత్రం "నా టార్గెట్ ఎంత డాక్టర్ గారూ?" అని అడిగి, ఆ నంబర్‌ను ఫైల్ మీద రాయించుకోండి. టార్గెట్ తెలియకుండా మాత్రలు వేసుకోవడం అంటే ఊరి పేరు తెలియకుండా బస్సెక్కినట్టే.

ఇంట్లో బీపీ ఇలా చూసుకోండి

* టీ, కాఫీ తాగాక, సిగరెట్ కాల్చాక, నడిచొచ్చాక కనీసం అరగంట ఆగండి. మూత్రానికి వెళ్లొచ్చి కూర్చోండి.
* కుర్చీలో వీపు ఆనించి, కాళ్లు నేలకు ఆనేలా పెట్టి 5 నిమిషాలు ప్రశాంతంగా ఉండండి. కాలు మీద కాలు వేసుకోవద్దు. ఫోన్ చూడొద్దు, మాట్లాడొద్దు.
* చేతిని టేబుల్ మీద గుండె ఎత్తులో ఉంచండి. చొక్కా, జాకెట్ చేతి మీదుగా పట్టీ కట్టొద్దు. చేయి లావుగా ఉన్నవారు పెద్ద పట్టీ తీసుకోవాలి. చిన్న పట్టీ కడితే బీపీ ఎక్కువ చూపిస్తుంది.
* ఒక నిమిషం గ్యాప్‌తో రెండుసార్లు చూసి రెండూ రాసుకోండి. డాక్టర్ దగ్గరికి వెళ్లే ముందు వారం రోజులు ఉదయం మాత్ర వేసుకోకముందు, రాత్రి పడుకునే ముందు ఇలా చూసుకుని ఆ కాగితం పట్టుకెళ్లండి.
* మణికట్టుకు పెట్టుకునే మెషీన్ల కంటే చేతికి కట్టుకునేవే నమ్మకమైనవి.
* డయాలసిస్ కోసం ఫిస్టులా వేసిన చేతికి బీపీ పట్టీ అస్సలు కట్టొద్దు. ఆ చేతి నుంచి రక్తం కూడా తీయనివ్వొద్దు. కొత్త ఆస్పత్రికి వెళ్తే మీరే ముందుగా చెప్పాలి.

"బీపీ మాత్రలు కిడ్నీలను పాడు చేస్తాయి".. ఇందులో నిజమెంత?

మన ఊళ్లలో బాగా పాతుకుపోయిన మాట ఇది. ఈ భయంతోనే చాలామంది మాత్రలు మధ్యలో ఆపేస్తారు. బీపీ నార్మల్‌కి వచ్చింది కదా అని మానేసేవారు ఇంకొందరు. నిజానికి బీపీ నార్మల్‌గా ఉండేది ఆ మాత్ర వల్లే. ఆపితే మళ్లీ మొదటికొస్తుంది. కిడ్నీని పాడు చేసేది మాత్ర కాదు, అదుపు లేని బీపీ.

అయితే ఈ మాట పుట్టడానికి ఒక కారణం ఉంది. మూత్రంలో ప్రొటీన్ పోతున్నవారికి డాక్టర్లు ముందుగా ఇచ్చే మందులు రామిప్రిల్, ఎనాలాప్రిల్ లేదా టెల్మిసార్టన్, లోసార్టన్ లాంటివి. ఇవి కిడ్నీ ఫిల్టర్ల లోపలి ప్రెషర్‌ను తగ్గిస్తాయి. ఆ ప్రెషర్ తగ్గినప్పుడు మొదట్లో క్రియాటినిన్ కొంచెం పెరుగుతుంది. మొదటి 4 వారాల్లో 30 శాతం లోపు పెరిగితే సాధారణంగా మందు ఆపాల్సిన పనిలేదు. రిపోర్ట్ చూసి "మందు వల్లే పెరిగింది" అని సొంతంగా ఆపేస్తే, కిడ్నీకి, గుండెకు ఉన్న రక్షణను మనమే తీసేసినట్టు.

కాకపోతే ఈ మందులతో కొన్ని జాగ్రత్తలు తప్పనిసరి.

* మొదలుపెట్టిన లేదా డోస్ పెంచిన 2 నుంచి 4 వారాల్లో క్రియాటినిన్, పొటాషియం టెస్ట్ చేయించాలి. పొటాషియం బాగా పెరిగితే గుండె లయ తప్పే ప్రమాదం ఉంది.
* రామిప్రిల్ రకం, టెల్మిసార్టన్ రకం రెండూ కలిపి వాడకూడదు. ఇద్దరు డాక్టర్ల దగ్గర చూపించుకునేవారు రెండు చీటీలూ ఇద్దరికీ చూపించాలి.
* గర్భం కోసం ప్రయత్నిస్తున్నవారు, గర్భిణులు ఈ మందులు వాడకూడదు. వెంటనే డాక్టర్‌కి చెప్పి మార్పించుకోవాలి.
* వాంతులు, విరేచనాలు, వడదెబ్బతో ఒంట్లో నీరు పోయినప్పుడు ఇవే మందులు కిడ్నీకి భారం కావొచ్చు. అలాంటప్పుడు వెంటనే డాక్టర్‌కి ఫోన్ చేసి ఏ మాత్రలు తాత్కాలికంగా ఆపాలో, మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలో అడగాలి.

ఒక్క మాత్రతో బీపీ దిగకపోవడం కిడ్నీ పేషెంట్లలో చాలా మామూలు. రెండు, మూడు మందులు పడొచ్చు. అందులో నీటి మాత్ర కూడా ఒకటి ఉంటుంది. కిడ్నీ బాగా దెబ్బతిన్నాక క్లోర్‌థాలిడోన్ అనే పాతకాలం నాటి, తక్కువ ఖరీదు మాత్ర పని చేయదని చాలాకాలం అనుకున్నారు. 2021లో వచ్చిన ఒక ట్రయల్ నాలుగో దశ కిడ్నీ జబ్బులోనూ అది బీపీని బాగా తగ్గిస్తుందని చూపించింది.

షుగర్ మాత్ర.. షుగర్ లేనివారికీ!

గత కొన్నేళ్లలో కిడ్నీ వైద్యంలో వచ్చిన పెద్ద మార్పు డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ అనే మందులు. మొదట షుగర్ కోసం వచ్చాయి. 2020లో 4,304 మందితో జరిగిన ట్రయల్‌లో డాపాగ్లిఫ్లోజిన్ వాడినవారిలో కిడ్నీ పనితీరు సగానికి పడిపోవడం, పూర్తిగా ఫెయిల్ అవ్వడం, కిడ్నీ లేదా గుండె జబ్బుతో చనిపోవడం లాంటివి అన్నీ కలిపి 39 శాతం తగ్గాయి. షుగర్ లేని కిడ్నీ పేషెంట్లకు కూడా లాభం కనిపించింది. వీటి పేటెంట్లు మన దేశంలో ముగియడంతో జనరిక్స్ వచ్చి ధరలు కూడా బాగా తగ్గాయి.

అలాగని మెడికల్ షాపులో అడిగి కొనేసుకోవద్దు. ఇవి అందరికీ పడవు. మర్మాంగాల దగ్గర ఫంగల్ ఇన్ఫెక్షన్ రావొచ్చు. ఆపరేషన్‌కు ముందు, ఏమీ తినలేని పరిస్థితిలో ఆపాల్సి ఉంటుంది. "నాకు ఈ మందు పనికొస్తుందా?" అని డాక్టర్‌ని అడగడం మాత్రం మీ హక్కు.

కొలెస్ట్రాల్ మాత్రల విషయం కూడా అంతే. 50 ఏళ్లు దాటిన కిడ్నీ పేషెంట్లకు కొలెస్ట్రాల్ రిపోర్ట్ బాగానే ఉన్నా స్టాటిన్ ఇవ్వాలని గైడ్‌లైన్స్ చెబుతున్నాయి. ఇక్కడ టార్గెట్ రిపోర్ట్ కాదు, గుండె. అయితే డయాలసిస్ మొదలయ్యాక కొత్తగా స్టాటిన్ ప్రారంభించడం వల్ల పెద్దగా లాభం లేదు. ముందు నుంచి వాడుతుంటే కొనసాగించొచ్చు. అంటే రక్షణ ముందే మొదలవ్వాలి.

కీళ్ల నొప్పి మాత్రతో డబుల్ దెబ్బ

రోజంతా పొలంలో పని చేసి, సాయంత్రం షాపులో "ఒక నొప్పుల బిళ్ల ఇవ్వు" అని తీసుకుని వేసుకోవడం మనకు అలవాటు. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్, ఎసిక్లోఫెనాక్ లాంటి మాత్రలు కిడ్నీకి రక్త సరఫరా తగ్గిస్తాయి, ఉప్పును ఒంట్లో ఆపేస్తాయి, బీపీ పెంచుతాయి, బీపీ మాత్రల పవర్‌ను తగ్గిస్తాయి. టెల్మిసార్టన్, నీటి మాత్ర వాడుతూ వీటిని కూడా వేసుకుంటే ముప్పు ఇంకా ఎక్కువ. నొప్పి ఉంటే డాక్టర్ చెప్పిన డోస్‌లో పారాసిటమాల్ కొంత సేఫ్. ఇక "కిడ్నీలు బాగుపడతాయి" అంటూ ఏం కలిపారో తెలియకుండా అమ్మే పసర్లు, పొడుల జోలికి అస్సలు వెళ్లొద్దు.

మన వంటింట్లో ఉప్పు ఎక్కడ దాక్కుంది?

ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే లెక్క ప్రకారం రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు తినాలి. అంటే సుమారు ఒక టీ స్పూన్. కూర, పప్పు, చారు, పెరుగన్నం.. అన్నీ కలిపి. మనం ఎంత తింటున్నామో ఎవరికి వారే ఊహించుకోవచ్చు.

అన్నంలో మొదటి ముద్ద ఆవకాయతో, పప్పులోకి అప్పడం, ఒడియాలు, పెరుగులోకి చల్ల మిరపకాయ.. మన భోజనం అందమే అది. కానీ కిడ్నీ పేషెంట్‌కి ఉప్పు ఎక్కువగా వచ్చే దారులూ అవే. తీరప్రాంతంలో ఎండు చేపలు, ఉప్పు చేపలు. టౌన్లలో మిక్చర్, చిప్స్, బేకరీ ఐటమ్స్, ఇన్‌స్టంట్ నూడుల్స్, రెడీమేడ్ మసాలా ప్యాకెట్లు. కూరలో ఉప్పు తగ్గించి పక్కన పచ్చడి వేసుకుంటే లెక్క మళ్లీ మొదటికే వస్తుంది.

ఏం చేయాలంటే.. టేబుల్ మీద నుంచి ఉప్పు డబ్బా తీసేయండి. మజ్జిగలో, అన్నం వండేటప్పుడు ఉప్పు మానేయండి. చింతపండు, నిమ్మకాయ, అల్లం, వెల్లుల్లి, జీలకర్ర, మిరియాలు, కరివేపాకుతో రుచి తెచ్చుకోండి. రెండు, మూడు వారాలు చప్పగా అనిపిస్తుంది. తర్వాత నాలుక అలవాటు పడిపోతుంది. ఇంట్లో పేషెంట్‌కి ఒక్కరికే వేరే వంట అంటే ఎక్కువ రోజులు నిలవదు. అందరికీ తగ్గిస్తే అందరికీ మంచిదే.

రెండు అపోహలు మాత్రం వదిలేయండి. ఒకటి సైంధవ లవణం. పింక్ కలర్‌లో ఉన్నా అది కూడా సోడియం ఉప్పే, బీపీ విషయంలో తేడా లేదు. రెండు, మార్కెట్లో దొరికే తక్కువ సోడియం ఉప్పు. అందులో సోడియం బదులు పొటాషియం కలుపుతారు. మామూలు మనుషులకు మంచిదే కానీ కిడ్నీ పేషెంట్లకు పొటాషియం పెరిగిపోయి ప్రాణం మీదకు రావొచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025లో ఇచ్చిన సూచనల్లో కూడా కిడ్నీ సమస్య ఉన్నవారిని దీని నుంచి మినహాయించింది. ఎండాకాలంలో చలవ అని తాగే కొబ్బరి నీళ్లలోనూ పొటాషియం ఎక్కువే. పొటాషియం రిపోర్ట్ చూసి డాక్టర్ సరేనంటేనే తాగాలి.

డయాలసిస్‌లో ఉన్నవారికి..

ఇక్కడ బీపీకి అసలు మందు నీటి లెక్క. రెండు డయాలసిస్‌ల మధ్య బరువు ఎంత పెరిగిందో అంత నీరు ఒంట్లో చేరినట్టు. ఉప్పు తగ్గిస్తే దాహం తగ్గుతుంది, దాహం తగ్గితే నీళ్లు తగ్గుతాయి. నీళ్లు ఒక్కటే తగ్గించమంటే ఎవరి వల్లా కాదు.

రెండోది గ్యాప్. అమెరికాలో 32 వేల మందికి పైగా డయాలసిస్ పేషెంట్ల మీద చేసిన అధ్యయనం 2011లో వచ్చింది. రెండు రోజుల గ్యాప్ వచ్చిన తర్వాతి రోజున మరణాలు, గుండె సమస్యలతో ఆస్పత్రిలో చేరడం మిగతా రోజుల కంటే ఎక్కువగా ఉన్నట్టు తేలింది. వాళ్లు వారానికి 3 సార్లు చేయించుకునేవారు. మన దగ్గర చాలామంది వారానికి 2 సార్లే చేయించుకుంటున్నారు. బస్సు ఛార్జీలు లేవనో, వెంట వచ్చే మనిషి లేడనో, ఇంట్లో పెళ్లి ఉందనో ఒకటి ఎగ్గొడితే గుండె మీద పడే భారం చాలా ఎక్కువ. 2016లో మొదలైన ప్రధానమంత్రి జాతీయ డయాలసిస్ కార్యక్రమం కింద ప్రభుత్వ ఆస్పత్రుల్లో పేదలకు ఉచితంగా చేస్తారు. తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఏపీలో ఎన్టీఆర్ వైద్య సేవ కింద కూడా అవకాశం ఉంది. దగ్గరి సెంటర్ వివరాలు జిల్లా ఆస్పత్రిలో కనుక్కోండి.

ఈ లక్షణాలు కనిపిస్తే ఆలస్యం వద్దు

కిడ్నీ పేషెంట్లకు గుండెపోటు వస్తే సినిమాల్లో చూపించినట్టు ఛాతీ పట్టుకుని పడిపోవాలని లేదు. చాలామందికి ఛాతీ నొప్పే ఉండదు. ఒక్కసారిగా ఆయాసం, చల్లని చెమటలు, విపరీతమైన నీరసం, పడుకుంటే ఊపిరి ఆడకపోవడం.. ఇవే లక్షణాలు కావొచ్చు. "కిడ్నీ జబ్బు కదా, ఆయాసం మామూలే", "గ్యాస్ అయ్యుంటుంది" అని ఇంట్లో కూర్చోవద్దు. మూతి వంకర పోయినా, మాట తడబడినా, చేయి పట్టు తప్పినా, గుండె దడతో కళ్లు తిరిగినా వెంటనే 108కి ఫోన్ చేయండి. ఆస్పత్రికి వెళ్లగానే కిడ్నీ సమస్య ఉందని, ఏ మందులు వాడుతున్నారో చెప్పండి. పాత ఈసీజీ, పాత రిపోర్టులు ఉంటే వెంట తీసుకెళ్లండి. కిడ్నీ పేషెంట్లకు గుండెకు సంబంధించిన ట్రోపోనిన్ టెస్ట్ మామూలు రోజుల్లోనూ కొంచెం ఎక్కువగా చూపించే అవకాశం ఉంది కాబట్టి, డాక్టర్లకు పాత రిపోర్టులు చాలా ఉపయోగపడతాయి.

ఈసారి డాక్టర్‌ని ఈ 5 ప్రశ్నలు అడగండి

1. నా బీపీ టార్గెట్ ఎంత?
2. నా ఈజీఎఫ్ఆర్ ఎంత? యూరిన్ ఏసీఆర్ చేయించానా?
3. నా మందుల్లో కిడ్నీని, గుండెను కాపాడేవి ఏవి? స్టాటిన్ అవసరమా?
4. పొటాషియం, హిమోగ్లోబిన్ ఎన్ని నెలలకోసారి చూసుకోవాలి?
5. ఈసీజీ, ఎకో టెస్ట్ అవసరమా?

ఓపీలో దొరికేది రెండు, మూడు నిమిషాలే. అందుకే ఇవి కాగితం మీద రాసుకుని వెళ్లండి. ఇంట్లో నాన్నకో, అత్తమ్మకో కిడ్నీ సమస్య ఉండి, ఫోన్‌లో ఇది చదువుతున్నది మీరైతే.. ఇవాళ ఇంటికి ఫోన్ చేసినప్పుడు క్రియాటినిన్ ఎంత అని అడిగాక ఇంకో ప్రశ్న కూడా అడగండి. "ఈ వారం బీపీ చూసుకున్నారా? ఎంత ఉంది?" అని.

గమనిక: ఈ కథనం అవగాహన కోసం మాత్రమే. మందులు మొదలుపెట్టడం, ఆపడం, డోస్ మార్చడం డాక్టర్ సలహాతోనే చేయాలి.